ఒకే కొనుగోలు, వేర్వేరు గతులు: సన్ ఒరాకిల్ చేతికి వెళ్లాక డెవలపర్ సమూహాలకు ఏం జరిగింది

క్లుప్తంగా

2010 జనవరిలో డేటాబేస్ కంపెనీ ఒరాకిల్, కంప్యూటర్ల కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొన్నప్పుడు జావా (ప్రోగ్రామింగ్ భాష), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్), ఓపెన్ఆఫీస్ (ఆఫీసు సాఫ్ట్‌వేర్), ఓపెన్‌సోలారిస్ (ఆపరేటింగ్ సిస్టమ్), హడ్సన్ (డెవలపర్ల సాధనం) అనే ఐదు పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్లు, ఒకే యజమాని కిందికి వచ్చాయి. ఏడాది తిరిగేసరికి వీటిలో రెండింటి డెవలపర్లు పేరు మార్చుకుని బయటికి వెళ్లిపోయారు, ఒకటి మూతపడింది, ఒకటి రెండుగా చీలి రెండు పాయలుగానూ బతికింది, ఒకటి మాత్రం చీలకుండా నిలిచింది. కొన్నవారు ఒకరే అయినప్పుడు ఫలితాలు ఇన్ని రకాలుగా ఉన్నాయంటే, కారణాన్ని కొన్నవారి గుణగణాల్లో కాక, అమ్మకానికి ముందే పేరు, కాపీరైట్, సర్వర్లు, జీతాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాంట్లో వెతకాలి.

పాత ప్రశ్న మళ్లీ ముందుకు

క్లౌడ్ సర్వర్లను నిర్వహించే సాధనాలు తయారుచేసే హ్యాషీకార్ప్ కొనుగోలును ఐబీఎం 2025 ఫిబ్రవరిలో పూర్తి చేసింది. అదే ఏడాది ఆగస్టులో, డెవలపర్లు కోడ్ దాచుకుని పంచుకునే సైటు గిట్‌హబ్ సీఈఓ థామస్ డోమ్కె తప్పుకుంటున్నట్టు ప్రకటించగా, అప్పటిదాకా మైక్రోసాఫ్ట్ కింద కొంత స్వతంత్రంగా నడిచిన ఆ సంస్థ ఇకపై కోర్‌ఏఐ అనే కృత్రిమ మేధ విభాగంలో భాగంగా ఉంటుందని తేలింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా డెవలపర్లలో రెండు వాదనలు వినిపిస్తాయి. కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరు కొన్నా పోయేదేమీ లేదని, నచ్చకపోతే కాపీ తీసుకుని వేరుగా నడుపుకోవచ్చని ఒక వాదన. పెద్ద కంపెనీ చేయి పడిందంటే ఆ ప్రాజెక్టు పని అయిపోయినట్టేనని రెండోది.

సన్ ఉదంతం ఈ రెండింటినీ సగం సగం మాత్రమే సమర్థిస్తుంది. పదిహేనేళ్లకు పైగా గడిచినందువల్ల ఇప్పుడు దాని ఫలితాలు ఊహలు కావు, లెక్కకు అందే విషయాలు. అందుకే ఇటీవలి కొనుగోళ్ల కంటే దాన్ని పరిశీలించడమే ఎక్కువ ఉపయోగం.

కొంటే చేతికి వచ్చేవి, రానివి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నడిపే కంపెనీని కొన్నవారికి చట్టప్రకారం నాలుగు దక్కుతాయి. మొదటిది పేరు, అంటే ట్రేడ్‌మార్క్. రెండోది కాపీరైట్. కంపెనీ ఉద్యోగులు రాసిన కోడ్‌పై కాపీరైట్ ఎలాగూ కంపెనీదే. బయటి డెవలపర్లు పంపిన కోడ్‌పై కూడా ముందుగా సంతకం చేయించుకున్న ఒప్పందం ద్వారా కంపెనీకి హక్కు వచ్చి ఉంటే, కొత్త యజమాని ఆ మొత్తాన్నీ తనకిష్టమైన లైసెన్స్ కింద విడుదల చేయగలడు. మూడోది సర్వర్లు: కోడ్ ఉండే చోటు, డౌన్‌లోడ్ సైటు, లోపాల చిట్టా. నాలుగోది జీతాల పట్టీ. ఓపెన్ సోర్స్ అనగానే తీరిక వేళల్లో ఉచితంగా పనిచేసేవాళ్లు గుర్తుకు వస్తారు గానీ, సన్ ప్రాజెక్టుల్లో కీలకమైన కోడ్ చాలా మటుకు సన్ జీతం ఇచ్చినవాళ్లే రాశారు.

దక్కనివి ఇంకో రకం. ఒక భాగం అలా ఎందుకు రాసి ఉందో తెలిసిన మనిషి రేపు ఎక్కడ పనిచేస్తాడన్నది కొన్నవారి చేతిలో ఉండదు. ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు), అనువాదాలు, ప్యాకేజీలు చేసే బయటివారిపై వారికి అజమాయిషీ ఉండదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇతర సాఫ్ట్‌వేర్లతో కలిపి ఇచ్చే కూర్పులు) ఏ కోడ్‌ను తమ వాడుకరులకు ఇస్తాయన్నదీ వాటి ఇష్టమే.

భూమి వ్యవహారాలు ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. పట్టా ఒకరి పేరున ఉంటుంది, దున్నేది కౌలుదారు. పొలం చేతులు మారినప్పుడు కౌలుదారు గతి కొత్త ఆసామి మంచితనం మీద కంటే కాగితంలో ఏం రాసుకున్నారన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. అయితే ఒక్క తేడా ఉంది. సాఫ్ట్‌వేర్ కౌలుదారు పొలం మొత్తాన్ని నకలు తీసుకుని వెళ్లిపోగలడు. ఆ వీలును నిజంగా వాడుకోగలడా లేదా అన్నదే అసలు చిక్కు.

తొమ్మిది నెలల అనిశ్చితి

ఒరాకిల్ 2009 ఏప్రిల్ 20న షేరుకు 9.50 డాలర్ల చొప్పున, మొత్తం దాదాపు 740 కోట్ల డాలర్లకు సన్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. అమెరికా నుంచి ఆగస్టుకల్లా అనుమతి వచ్చింది. యూరోపియన్ కమిషన్ మాత్రం సెప్టెంబరులో లోతైన విచారణ మొదలుపెట్టింది. డేటాబేస్‌ల మార్కెట్లో అందరికంటే పెద్ద కంపెనీ చేతికి మైఎస్‌క్యూఎల్ లాంటి ఓపెన్ సోర్స్ పోటీదారు వెళ్తే పోటీ ఏమవుతుందన్నది దాని సందేహం. చివరికి 2010 జనవరి 21న అనుమతి ఇవ్వగా, 27న కొనుగోలు పూర్తయింది.

ఈ తొమ్మిది నెలలను చాలామంది లెక్కలోకి తీసుకోరు. కానీ డెవలపర్ సమూహాలకు మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ఒప్పందం తేలేదాకా పాత యజమాని కొత్త నిర్ణయం తీసుకోలేడు, కొత్త యజమాని నోరు విప్పలేడు. అప్పటికే నష్టాల్లో ఉన్న సన్ 2009 అక్టోబరులో 3,000 ఉద్యోగాల వరకు తగ్గిస్తామని ప్రకటించింది. తమ ప్రాజెక్టు కొనసాగుతుందా అని బయటి డెవలపర్లు అడిగితే జవాబు చెప్పగలిగే అధికారం ఎవరికీ లేకపోయింది. జవాబు రాని చోట జనం ముందుజాగ్రత్తగా ప్రత్యామ్నాయాలు సిద్ధం చేసుకుంటారు. తర్వాత కనిపించిన చీలికల్లో చాలా వాటికి బీజాలు ఈ ఖాళీలోనే పడ్డాయి.

హడ్సన్: పేరు దగ్గర మొదలైన తగవు

ఐదింటిలో చిన్నదైన హడ్సన్ వ్యవహారమే అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. డెవలపర్లు కోడ్ మార్చిన ప్రతిసారీ దాన్ని తానే బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రాముగా కూర్చి), పరీక్షలు నడిపి, ఎక్కడ విరిగిందో చెప్పే సాధనం అది. సన్ ఉద్యోగి కోసుకె కవాగుచి 2004 ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టారు. లైసెన్స్ ఎంఐటీ, అంటే ఎవరైనా తీసుకుని ఏమైనా చేసుకోవచ్చు. అసలు బలం మాత్రం ప్లగిన్లలో ఉంది. అవి వందల సంఖ్యలో ఉండేవి, వాటిని రాసినవారిలో అత్యధికులకు సన్‌తో ఏ ఉద్యోగ సంబంధమూ లేదు.

కొనుగోలు పూర్తయిన కొద్ది నెలలకే కవాగుచి ఒరాకిల్ నుంచి బయటికి వచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నారు. ప్రాజెక్టు అప్పటికి సన్ నడిపిన జావా డాట్ నెట్ అనే సైటులోనే ఉండేది. 2010 చివర్లో ఒరాకిల్ ఆ సైటును కొత్త వ్యవస్థకు మార్చే పని చేపట్టింది. ఆ క్రమంలో హడ్సన్ ఖాతాకు తాళం పడి, డెవలపర్లు కొన్నాళ్లు కోడ్ చేర్చలేని స్థితి వచ్చింది. దాంతో వారు తమ సంభాషణలను గూగుల్ గ్రూప్స్‌కు మార్చుకుని, కోడ్‌ను గిట్‌హబ్‌కు తరలించాలని తీర్మానించుకున్నారు. సర్వర్ల మార్పిడిలో వచ్చిన మామూలు ఇబ్బందిగా ముగియాల్సిన విషయం అక్కడే మలుపు తిరిగింది. ప్రాజెక్టు ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు తమదని, హడ్సన్ అనే పేరు తమ ట్రేడ్‌మార్క్ అని ఒరాకిల్ చెప్పింది. కోడ్ తీసుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చు, పేరు మాత్రం వెంట రాదు.

చర్చలు కుదరలేదు. 2011 జనవరిలో పేరు మార్పుపై ఓటు పెడితే అనుకూలంగా 214, వ్యతిరేకంగా 14 వచ్చాయి. కొత్త పేరు జెంకిన్స్. హడ్సన్ అన్నది ఇంగ్లిష్ ఇళ్లలో పనులు చక్కబెట్టే బట్లర్ పేరు, జెంకిన్స్ కూడా అలాంటిదే. యజమాని మారినా చేసే కొలువు అదేనన్నమాట. ఒరాకిల్ అదే ఏడాది హడ్సన్‌ను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ప్లగిన్లు రాసేవారు మూకుమ్మడిగా జెంకిన్స్ వైపు వెళ్లిపోవడంతో హడ్సన్ మెల్లగా కళ తప్పి, 2017 నాటికి పూర్తిగా ఆగిపోయింది.

హడ్సన్ నుంచి బయటికి వెళ్లడం తేలిక కావడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. లైసెన్స్ ఉదారమైనది, మూలకర్త బయటే ఉన్నాడు, పనిలో పెద్ద భాగం బయటివారిదే, వాడుకరులంతా సాంకేతిక నిపుణులు. పేరు మారిందని డెవలపర్‌కు ఒక్కసారి తెలిస్తే చాలు, మర్నాడు కొత్తదాన్ని దించుకుంటాడు.

ఓపెన్ఆఫీస్: పాత అసంతృప్తికి కొత్త సందర్భం

ఓపెన్ఆఫీస్ విషయంలో ఈ ఆఖరి మాట చెల్లదు. దాన్ని వాడేది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు. పేరు మారిన సంగతి వారికి చెప్పేదెవరు? ఈ ఒక్క తేడా ఎంత దూరం వెళ్లిందో తర్వాత కనిపిస్తుంది.

సన్ 1999లో జర్మనీకి చెందిన స్టార్‌డివిజన్‌ను కొని, మరుసటి ఏడాది స్టార్ఆఫీస్ కోడ్‌ను ఓపెన్ఆఫీస్‌గా బహిరంగపరిచింది. బయటి నుంచి కోడ్ పంపేవారు కాపీరైట్‌ను సన్‌తో ఉమ్మడిగా పంచుకునే పత్రంపై సంతకం చేయాల్సి వచ్చేది. ఇది చాలామందికి నచ్చలేదు. సన్ తీసుకోని మార్పులను నోవెల్ ఉద్యోగులు, మరికొందరు కలిసి గో-ఓఓ అనే పేరుతో విడిగా నిర్వహిస్తుంటే, అనేక లినక్స్ పంపిణీలు తమ వాడుకరులకు ఆ రూపాన్నే ఇస్తుండేవి. అంటే చీలిక సగం జరిగిపోయే ఉంది. సన్ మీద ఉన్న పాత మొహమాటమే దాన్ని ఒకే పేరు కింద నిలిపి ఉంచింది. యజమాని మారడంతో ఆ మొహమాటం పోయింది.

2010 సెప్టెంబరు 28న ఓపెన్ఆఫీస్ సమూహంలోని వారు డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సొంత సంస్థ ఏర్పాటును ప్రకటించి, కోడ్‌ను లిబ్రేఆఫీస్ పేరుతో ముందుకు తీసుకుపోతామన్నారు. ఆ పేరు తాత్కాలికమేనని, ఒరాకిల్ కూడా చేరి ఓపెన్ఆఫీస్ అన్న పేరును ఇస్తే దాన్నే వాడుకుంటామని ఆహ్వానించారు కూడా. ఒరాకిల్ ఇవ్వలేదు. పైగా అక్టోబరులో జరిగిన ఓపెన్ఆఫీస్ సమూహ మండలి సమావేశంలో, డాక్యుమెంట్ ఫౌండేషన్‌లో ఉన్న సభ్యులు మండలి నుంచి తప్పుకోవాలని కోరారు. రాజీ కుదిరే అవకాశం అంతటితో పోయింది. 2011 జనవరిలో లిబ్రేఆఫీస్ తొలి స్థిర విడుదల వచ్చింది, ఏప్రిల్‌లో ఉబుంటు దాన్ని తన పంపిణీలో చేర్చుకుంది. ఫౌండేషన్‌ను చట్టబద్ధంగా నెలకొల్పేందుకు అవసరమైన 50,000 యూరోలు ఎనిమిది రోజుల్లో విరాళాలుగా సమకూరాయి.

అదే ఏప్రిల్‌లో ఒరాకిల్ ఓపెన్ఆఫీస్ వాణిజ్య రూపాన్ని ఆపేస్తామని చెప్పి, జూన్‌లో కోడ్‌ను, పేరును అపాచీ ఫౌండేషన్ అనే మరో ఓపెన్ సోర్స్ సంస్థకు ఇచ్చింది. దీంతో వింత స్థితి ఏర్పడింది. అపాచీ లైసెన్స్ కింద ఉన్న కోడ్‌ను లిబ్రేఆఫీస్ తనలో కలుపుకోగలదు, లిబ్రేఆఫీస్ తన లైసెన్స్ కింద రాసిన కొత్త కోడ్‌ను అపాచీ వారు కలుపుకోలేరు. నీరు ఒక వైపుకే పారే కాలువ అన్నమాట. డెవలపర్లు లేక అపాచీ ఓపెన్ఆఫీస్ 2014లో వచ్చిన 4.1 దగ్గరే నిలిచిపోయి, ఆ తర్వాత చిన్న సవరణలకే పరిమితమైంది. అయినా పాత పేరు వెతికి దాన్నే దించుకునేవారి సంఖ్య తక్కువేమీ కాదు. డెవలపర్లు ఒక దారిన, వాడుకరుల్లో ఒక పెద్ద భాగం మరో దారిన పోయారు.

తెలుగు వంటి భాషలకు ఈ చీలిక భారం ఇంకో రూపంలో పడింది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ మెనూలు, హెచ్చరికలు, సహాయ పాఠాలు అనువదించడమంటే వేల కొద్దీ పదబంధాలు. చీలిన రోజున పాత అనువాదాలు రెండు వైపులకూ సమానంగానే వచ్చాయి, నష్టమేమీ లేదు. కానీ ఆ తర్వాత ఏ వైపు కొత్త మెనూ చేరినా కొత్త అనువాదం కావాలి. జర్మన్, ఫ్రెంచ్ బృందాలకు చేతులు ఎక్కువ. వేళ్ల మీద లెక్కపెట్టదగిన స్వచ్ఛంద అనువాదకులున్న భాష రెండు పడవల మీద కాళ్లు పెట్టలేదు, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. డెవలపర్లు ఎటు వెళ్తే అనువాదాలు అటే వెళ్లడం చిన్న భాషల విషయంలో దాదాపు అనివార్యం.

ఓపెన్‌సోలారిస్: మళ్లీ మూసిన తలుపు

ఓపెన్ సోర్స్‌గా ఒకసారి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేరన్నది నిజమే. ఇచ్చిన ప్రతి నిలిచే ఉంటుంది, ఇకముందు రాసేది ఇవ్వకుండా ఆపవచ్చు. ఓపెన్‌సోలారిస్‌లో జరిగింది ఇదే. బయటివారు పంపిన కోడ్‌పైనా ఒప్పందం ద్వారా సన్‌కు పూర్తి హక్కులు ఉన్నందువల్ల, వాటిని వారసత్వంగా పొందిన ఒరాకిల్‌కు మూసేందుకు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. 2010 ఆగస్టు మధ్యలో ఉద్యోగులకు పంపిన అంతర్గత సందేశం బయటికి పొక్కడంతో, రోజువారీ కోడ్ ఇక బహిరంగంగా కనిపించదని లోకానికి తెలిసింది. ఆ సమూహ పాలక మండలి ఒరాకిల్ నుంచి సమాధానం కోసం ఎదురుచూసి, ఆగస్టు 23న తనంత తానే రద్దయింది.

దీనికి మూడు వారాల ముందే గారెట్ డి'అమోర్ తదితరులు ఇల్యూమోస్ అనే వేరు రూపాన్ని ప్రకటించి ఉన్నారు. వారికి ఎదురైన మొదటి ఇబ్బంది ఆసక్తికరం. ఓపెన్‌సోలారిస్ పేరుకు ఓపెన్ అయినా, కొన్ని ముక్కల సోర్స్ ఎన్నడూ బయటికి రాలేదు. ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీలో వివిధ భాషల అక్షరాలను, తేదీల పద్ధతులను చూసుకునే భాగం వాటిలో ఒకటి. దాన్ని మళ్లీ రాసుకుంటే తప్ప సొంతంగా బిల్డ్ చేయడం కుదరలేదు. సన్ ఉన్నన్నాళ్లూ అవసరం పడలేదు గనుక ఆ లోటు ఎవరినీ పెద్దగా బాధించలేదు.

ఇల్యూమోస్ బతికింది, కానీ చిన్నదిగా. నిజంగా విస్తరించింది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్. సన్‌లో దాన్ని తీర్చిదిద్దినవారు డెల్ఫిక్స్, జాయెంట్ వంటి కంపెనీలకు వెళ్లి, 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌గా కూడి, లినక్స్, ఫ్రీబీఎస్‌డీల మీద దాన్ని పెంచారు. ఒరాకిల్ 2017లో సోలారిస్ బృందంలో అత్యధికులను తొలగించింది. తలుపు మూసినవారి ఇంట్లో కంటే బయట పడ్డ మొక్కే ఎక్కువ ఎదిగింది.

మైఎస్‌క్యూఎల్: రెండు పాయలూ పారాయి

అందరూ ఎక్కువగా భయపడిన చోట అనుకున్నంత విధ్వంసం జరగలేదు. సన్ 2008లో దాదాపు 100 కోట్ల డాలర్లకు కొన్న మైఎస్‌క్యూఎల్‌కు మూలకర్తల్లో ఒకరైన మైఖేల్ వైడేనియస్, ఒరాకిల్ ప్రకటనకు ముందే సన్‌ను వీడి, మైఎస్‌క్యూఎల్ కోడ్ నుంచి చీలిన మారియాడీబీ పని మొదలుపెట్టారు. పెద్ద కూతురు మై పేరు పాత డేటాబేస్‌కు, చిన్న కూతురు మరియా పేరు కొత్తదానికి. కొనుగోలును ఆపాలని ఆయన యూరప్‌లో పెద్ద ప్రచారమే నడిపారు.

ఆయన వాదనలోని కీలకం లైసెన్స్ ఆర్థికశాస్త్రం. మైఎస్‌క్యూఎల్ జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉచితం, కానీ దానితో కలిపి చేసిన సాఫ్ట్‌వేర్‌ను పంచితే దాని కోడ్‌ను కూడా ఇవ్వాలి. జీపీఎల్ షరతులు వద్దనుకునే కంపెనీలకు విడిగా వాణిజ్య లైసెన్స్ అమ్మేవారు. అలా అమ్మగలిగేది కాపీరైట్ మొత్తం చేతిలో ఉన్నవారే. చీలిపోయినవారికి కోడ్ దక్కుతుంది, అమ్ముకునే హక్కు దక్కదు. కాబట్టి వేరు రూపం మీద ఆధారపడే కంపెనీ మద్దతు సేవల ఆదాయంతోనే ఇంజినీర్లకు జీతాలివ్వాలి. వైడేనియస్ ఉద్దేశం ఏదైనా, ఈ విశ్లేషణ మాత్రం సరైనది.

ఒరాకిల్ 2009 డిసెంబరు 14న పది హామీలు ప్రకటించింది. తర్వాతి రూపాలను కూడా జీపీఎల్ కింద ఇస్తామని, స్టోరేజ్ ఇంజిన్లను (సమాచారాన్ని దాచే భాగాలను) జతచేసే పద్ధతిని కొనసాగిస్తామని వాటిలో ఉన్నాయి. అవి ఐదేళ్ల హామీలు. ఆ గడువు దాటాక కూడా మైఎస్‌క్యూఎల్ జీపీఎల్ కిందనే వస్తోంది, 5.5 నుంచి 8.0 దాకా విడుదలలు సాంకేతికంగా మెరుగైనవే. ఒరాకిల్‌కు ఇక్కడ స్వార్థం కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్‌కు గుండెకాయ వంటి ఇన్నోడీబీ ఇంజిన్‌ను తయారుచేసిన ఇన్నోబేస్‌ను అది 2005లోనే కొని ఉంది. ఇంజిన్, బండి ఒకే గూటికి చేరడం పనిని సులభం చేసింది.

సమూహంతో సంబంధం మాత్రం పలుచబడింది. కొన్ని సౌకర్యాలను డబ్బు చెల్లించేవారికే ఇవ్వడం 2011లో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి కొన్ని లోపాల సవరణలకు సంబంధించిన పరీక్షలను బయటపెట్టడం మానేశారు. కోడ్ ఉంటుంది, ఆ కోడ్ సరిగా పనిచేస్తోందని బయటివాడు రుజువు చేసుకునే సాధనం ఉండదు. లినక్స్ పంపిణీలకు ఇది నేరుగా తగిలింది. 2013లో ఫెడోరా, 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2017లో డెబియన్ 9 మారియాడీబీకి మారాయి. వికీపీడియా కూడా 2013లో మారింది. అయినా కంపెనీల్లో, క్లౌడ్ సేవల్లో మైఎస్‌క్యూఎల్ వాడకం ఇప్పటికీ విస్తారమే.

జావా: చీలిక ఎందుకు రాలేదు

జావాపై ఆగ్రహం మిగతా అన్నిటికంటే ఎక్కువగానే వ్యక్తమైంది. జావా సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ 2010 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ఆండ్రాయిడ్‌లో జావా వాడకంపై ఆగస్టులో ఒరాకిల్ గూగుల్‌పై దావా వేసింది. అది పదేళ్లకు పైగా సాగి 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టులో 6-2 తేడాతో గూగుల్ పక్షాన ముగిసింది. జావా ప్రమాణాలు నిర్ణయించే కార్యవర్గం నుంచి అపాచీ ఫౌండేషన్ 2010 డిసెంబరులో రాజీనామా చేసింది. ఇన్ని జరిగినా జెంకిన్స్ తరహాలో వేరు జావా పుట్టలేదు.

కారణం జావా విషయంలో పేరుకు ఉన్న ప్రత్యేక స్థానం. ఒక అమలు తనను తాను జావా అని చెప్పుకోవాలంటే అనుకూలతా పరీక్షలు నెగ్గాలి, ఆ పరీక్షల లైసెన్స్ యజమాని చేతిలో ఉంటుంది. అపాచీ హార్మొనీ అనే స్వతంత్ర జావా ఇక్కడే చిక్కుకుంది. మొబైల్ వంటి రంగాల్లో వాడకూడదన్న షరతు లేకుండా పరీక్షలు ఇవ్వాలని అపాచీ 2007లోనే బహిరంగ లేఖ రాసింది. ఇవ్వనిది ఒరాకిల్ కాదు, అప్పటి సన్. మంచివాడిగా పేరున్న పాత యజమాని పెట్టిన మెలికనే కొత్త యజమాని వాడుకున్నాడు. 2010 అక్టోబరులో ఐబీఎం హార్మొనీని వదిలి, జావా అధికారిక ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జేడీకేలో చేరడంతో ఆ ప్రాజెక్టు ఊపిరి పోయి, మరుసటి ఏడాది అటక ఎక్కింది. బ్యాంకులు, టెలికాం కంపెనీలు కోట్ల వరుసల కోడ్ నడుపుతున్న వేదికకు కావలసింది స్వేచ్ఛ కంటే ముందు అనుకూలత. పెద్ద కంపెనీలు విడిపోవడం కంటే ఓపెన్‌జేడీకే అనే ఒకే కొట్టంలో ఉండి విడివిడిగా బిల్డులు ఇవ్వడాన్ని ఎంచుకున్నాయి. అమెజాన్ కొరెట్టో, ఎక్లిప్స్ టెమూరిన్ అలా వచ్చినవే. ఒరాకిల్ 2019లో తన బిల్డుల లైసెన్స్‌ను మార్చినప్పుడు, 2023లో మొత్తం ఉద్యోగుల సంఖ్యను బట్టి రుసుము లెక్కగట్టినప్పుడు కంపెనీలకు వెంటనే వేరే దారి దొరికిందంటే కారణం ఇదే.

పేరు ఎంత చిన్న చోట ఎంత ఖరీదవుతుందో, కంపెనీల సర్వర్ సాఫ్ట్‌వేర్ కోసం ఉద్దేశించిన జావా ఈఈలో కనిపిస్తుంది. ఒరాకిల్ 2017లో దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు ఇస్తామన్నా, జావా అన్న పేరును ఇవ్వలేదు. అందుకే అది జకార్తా ఈఈ అయింది. కోడ్ లోపల ప్యాకేజీల పేర్ల ముందు ఉండే జావాఎక్స్ అనే మాటను మార్పులు చేసిన రూపాల్లో వాడటానికి కూడా ఒప్పందం కుదరలేదు. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ పేర్లన్నీ జకార్తాగా మారాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో తరతరాలుగా చేతులు మారుతున్న అడ్వాన్స్‌డ్ జావా నోట్సులో సర్వ్‌లెట్ (వెబ్ సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రాం) మొదటి వరుస జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ ఇంపోర్ట్‌తో మొదలవుతుంది. టామ్‌క్యాట్ అనే సర్వర్ 9వ రూపంలో చక్కగా నడిచే ఆ ప్రోగ్రాం టామ్‌క్యాట్ 10లో పెడితే నడవదు. అదే నోట్సులో జావాను డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ పాఠంలోని జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ మాత్రం మారలేదు, అది జావా మూల వేదికలో భాగం, ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది. తర్కం తెలియని విద్యార్థికి ఒకటి ఎందుకు మారిందో, రెండోది ఎందుకు మారలేదో అర్థం కాదు. తర్కం సాంకేతికం కాదు, ట్రేడ్‌మార్క్ హద్దు.

తర్వాతి కొనుగోళ్లతో పోలిక

మైక్రోసాఫ్ట్ 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్ల విలువైన షేర్లకు కొంది. అప్పుడు సీఈఓ హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. ఐబీఎం 2019లో రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొనడం వెనుక ఉన్నది పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అరవింద్ కృష్ణ. తెలుగునాట ఈ రెండు ఒప్పందాలనూ వ్యక్తుల విజయాలుగా చూడటం సహజమే గానీ, డెవలపర్లకు ఏం జరిగిందో ఆ కోణంలో తెలియదు.

గిట్‌హబ్ వెనుక ఉన్న గిట్ అనే కోడ్ మార్పుల నమోదు సాధనం స్వభావం వల్ల ప్రతి డెవలపర్ కంప్యూటర్‌లోనూ కోడ్ చరిత్ర మొత్తం ఉంటుంది. కొనుగోలు వార్త రాగానే కొందరు పోటీ సైటు గిట్‌ల్యాబ్‌కు తరలిపోయారు కూడా. అయితే కోడ్ చుట్టూ అల్లుకున్న చర్చలు, లోపాల చిట్టాలు, పరిచయాలు అంత తేలికగా కదలవు. మైక్రోసాఫ్ట్ ధరలు పెంచకపోగా 2019లో ప్రైవేటు రిపోజిటరీలను ఉచితం చేయడంతో వలస చల్లబడింది. అసలు వివాదం వేరే వైపు నుంచి వచ్చింది. బహిరంగ కోడ్ నుంచి నేర్చుకుని కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనం కోపైలట్ 2021లో వెలువడ్డాక, దానిపై మరుసటి ఏడాది కోర్టుకెక్కారు. కొనుగోలు నాటి భయాల్లో ఇది లేదు.

రెడ్ హ్యాట్‌లో మళ్లీ పేరే ముందుకొచ్చింది. రెడ్ హ్యాట్ లినక్స్‌కు ఉచిత ప్రతిరూపమైన సెంట్‌ఓఎస్ తన పేరుతో సహా 2014లో రెడ్ హ్యాట్ చేతికి వెళ్లింది. 2029 దాకా నవీకరణలు వస్తాయనుకున్న సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. సెంట్‌ఓఎస్ స్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్జర్ రాకీ లినక్స్‌ను వెంటనే ప్రకటించారు. ఆల్మాలినక్స్ కూడా అలాగే వచ్చింది. పాత పేరు మాత్రం వారికి దక్కలేదు. ఇది ఐబీఎం ఆదేశమా, రెడ్ హ్యాట్ సొంత నిర్ణయమా అన్న వాదన చాలాకాలం నడిచింది. పేరు అప్పగించిన ఆరేళ్ల తర్వాత ఆ ప్రశ్నకు ఆచరణలో పెద్ద విలువ లేదు.

హ్యాషీకార్ప్ విషయంలో లైసెన్స్ మార్పు కొనుగోలు కంటే ముందే, 2023 ఆగస్టులో జరిగింది. దాని సాధనం కోడ్ నకలు తీసుకుని డెవలపర్లు ఓపెన్‌టోఫుగా చీలి లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరాక ఐబీఎం వచ్చింది. ఆ కంపెనీ ఎంచుకున్న బిజినెస్ సోర్స్ లైసెన్స్ (కోడ్ కనిపిస్తుంది గానీ వాణిజ్య వాడకంపై పరిమితులుంటాయి) పుట్టుక గమనించదగ్గది. మైఎస్‌క్యూఎల్‌ను కాపాడాలని పోరాడిన వైడేనియస్ ప్రభృతులు దాన్ని రూపొందించారు, మారియాడీబీ కంపెనీయే 2016లో తన మ్యాక్స్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్‌కు వాడింది. మద్దతు సేవల ఆదాయం చాలదన్న పాత లెక్క వారినీ వదల్లేదు. 2024లో ఆ కంపెనీని కే1 అనే పెట్టుబడి సంస్థ కొనేసింది. మారియాడీబీ ఫౌండేషన్ మాత్రం విడిగా ఉంది.

ఇక ఒరాకిల్ సంగతి. రెడ్ హ్యాట్ 2023 జూన్‌లో తన లినక్స్ సోర్స్‌ను అందరికీ నేరుగా ఇవ్వడం తగ్గించింది. అదే కోడ్ మీద సొంత లినక్స్ నడుపుకుంటున్న కంపెనీలకు అది గొంతులో వెలక్కాయ అయింది. ఆగస్టులో సీఐక్యూ, సూసె, మరో కంపెనీ కలిసి ఓపెన్‌ఈఎల్‌ఏ అనే సంఘం పెట్టి, సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచుతామన్నాయి. ఆ మూడో కంపెనీ ఒరాకిల్.